మే నెలకు దాచిన గడ్డి

విత్తనపు గది తాళంచెవి మా అవ్వ నడుముకు దోపుకునే ఆకువక్క సంచిలో ఉండేది. శెనక్కాయ పంట కళ్ళానికి చేరిన రోజే, ఒక్క మూట కూడా అమ్మకానికి తూకం వేయకముందే, అవ్వ కాయల్ని చేత్తో తడిమి చూసి మంచి కుప్పను వేరు చేయించేది. వాటిని మూటలు కట్టించి, వేపాకు పరిచిన ఆ చీకటి గదిలో పేర్పించి తాళం వేసేది. మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేది విత్తే వాన పడ్డాకే. నడుమ ఇంట్లో ఏమైనా కానీ, ఎవరేమైనా అననీ, ఆ తాళం కదిలేది కాదు.

నా పదేళ్ళ వయసులో వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. ఆ ఎండాకాలం మేము రెండు పూటలా రాగి అంబలే తాగాం, అదీ పలచగా. గోడకు అవతల శెనక్కాయ మూటలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఒకరోజు నేను తలుపు సందులోంచి పుల్ల దూర్చి రెండు కాయలు లాక్కుని తిన్నాను. అవ్వ కొట్టలేదు. ఆ పూట తన అంబలి నాకు పోసి తాను పస్తు ఉంది. నాకు ఆమె మీద ఒళ్ళు మండిపోయింది. కానీ వాన పడ్డాక, ఊళ్ళో సగం మంది విత్తనం కోసం సావుకారు గడప ముందు నిలబడి ఉంటే, మేము నేరుగా చేలోకి వెళ్ళాం. అప్పుడు అర్థమైంది. ఆ పాఠం నాలో ఎంత లోతుగా నాటుకుందంటే, పెద్దయ్యాక అదే నా చేత మూడు వందల పశువుల నోటి దగ్గరి గడ్డిని లాగేయించింది. ఆ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుకూ అవ్వ ఒక గీత గీసింది. నాన్న సావుకారు దగ్గరికి బయల్దేరే ముందు ఆమె ఎదుట కూర్చుని ఎంత తేబోతున్నదీ చెప్పాలి. పంట సగమే వచ్చిందనుకుంటే అందులోంచి తీర్చగలవా అని ఆమె ఒకే ఒక ప్రశ్న వేసేది. తీర్చగలిగితే వెళ్ళు, లేకపోతే కూర్చో. నాన్న చాలాసార్లు కూర్చున్నాడు. అమ్మ కమ్మలు రెండుసార్లు కుదువకు వెళ్ళి రెండుసార్లూ తిరిగొచ్చాయి. తొంభైల మొదట్లో ఒక వేసవిలో, దేశం తన బంగారాన్ని పరాయి దేశంలో కుదువ పెట్టిందని రేడియో చెప్పింది. అంత పెద్ద ఇంట్లో ముందుగా అడిగే మనిషి ఒక్కరూ లేకపోయారా అని అవ్వ నన్ను నిలదీసింది, నేనేదో ఆ ఇంటి గుమాస్తానైనట్లు.

ఆ ఏడే నేను నిజంగా గుమాస్తానయ్యాను. వానాకాలమంతా సరైన పదును పడలేదు. శెనక్కాయ చెట్లు ఊడలు దిగకుండానే మాడిపోయాయి. కాయలు లేకపోతే పోనీ, పశువులకు వేసుకునే ఎండు చెట్టు కూడా చేతికి రాలేదు. డిసెంబరు నాటికి పావగడ సంతలో ఎద్దు ధర మేక ధరకు దిగింది. అప్పుడు సర్కారు నాగలమడిక ఏటి ఒడ్డున పశువుల శిబిరం తెరిచింది. జనం దాన్ని గోశాల అనేవాళ్ళు. పి.యు.సి. ప్యాసై రెండేళ్ళుగా ఇంట్లో ఉన్న నాకు అందులో దినగూలి గుమాస్తా పని దొరికింది. గడ్డి లారీ వస్తే తూకం వేయించాలి, పొద్దున్నే పశువులను లెక్కపెట్టాలి, ఎంత గడ్డి వచ్చింది, ఎంత మేపాం, ఎంత మిగిలింది అన్నది రిజిస్టరులో రాయాలి.

శిబిరమంటే పెద్దగా ఏమీ లేదు. కొబ్బరి మట్టలు కప్పిన పొడుగాటి పందిళ్ళు నాలుగు, నీళ్ళ తొట్లు రెండు, గడ్డి తూచే కాటా ఒకటి. కాలువ నీళ్ళున్న జిల్లాల నుంచి వరిగడ్డి లారీల్లో వచ్చేది. పశువుకు రోజుకు ఐదు కిలోలు. పశువుతో పాటు ఇంటికొక మనిషి అక్కడే పందిరి పక్కన పడుకునేవాడు. వానలొచ్చేదాకా శిబిరం నడుస్తుందని అందరికీ చెప్పారు. వానలంటే జూన్.

అక్కడ ఒక పెద్దమ్మ ఉండేది. రాయచెర్లు వైపు నుంచి తన ఎద్దుల జతను తోలుకుని ఒంటరిగా నడిచి వచ్చింది. వాళ్ళది ఒకప్పుడు గొర్రెలు కాచిన ఇల్లు. ఆమె భర్త మంద అమ్మేసి మూడెకరాల మెట్ట, ఆ ఎద్దుల జత కొన్నాడు. కొన్న నాలుగేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. విత్తే రోజుల్లో ఆమె ముందు సొంత చేను దున్నించుకుని, ఆ తర్వాత ఎద్దులను బాడుగకు పంపేది. ఆ రెండూ ఉంటే ఆమె రైతు, లేకపోతే కూలి మనిషి. ఈ మాట ఆమె నాతో అనలేదు, అనాల్సిన పని లేదు. వాటి ఒళ్ళు రోజూ పీచుతో రుద్దేది, గడ్డిలో మట్టిబెడ్డలుంటే ఏరి పారేసేది, ఒకటి తినకుండా ఉంటే తానూ తినేది కాదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక సుత్తోలె వచ్చింది. ఇంట్లో తెలుగే అయినా మా తాలూకా కన్నడ రాష్ట్రంలోది; సర్క్యులర్‌ను కన్నడంలో అలా అంటారు, మేమూ అదే మాట వాడేవాళ్ళం. శిబిరానికి పెద్దగా ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు, రిటైరవడానికి ఏడాది మిగిలింది ఆయనకు. దాన్ని చదివి, మడిచి, కుర్చీ కాలు కింద ఎత్తుకు పెట్టాడు. నేను దాన్ని తీసి రెండుసార్లు చదివాను. దేశం అప్పుల్లో ఉంది, రాష్ట్రం అప్పు తేగలిగిన హద్దుకు వచ్చేసింది, కాబట్టి ప్రతి కచేరీ మితవ్యయం పాటించాలి. చదువుతుంటే నాకు అవ్వ గొంతు వినిపించింది. చివరికి ఆ పెద్ద ఇంట్లోనూ అడిగేవాళ్ళు పుట్టారనిపించింది. నిజం చెప్పాలంటే ఒళ్ళు పులకరించింది. ఇరవై రెండేళ్ళ వాణ్ణి.

ఆ సాయంత్రమే రైతులను కూర్చోబెట్టి నా ఆలోచన చెప్పాను. సర్కారు దగ్గర డబ్బు తక్కువగా ఉంది. గడ్డి ఇప్పుడైతే వస్తోంది, మే నెలలో వస్తుందో రాదో తెలియదు. అసలు కష్టం మేలోనే. ఇప్పటి నుంచే రోజుకు కిలోన్నర తగ్గించి మూడున్నర వేద్దాం, మిగిలింది వామి వేద్దాం, లోటుకు సర్కారు తుమ్మకాయలు ఏరుకొద్దాం, ఏట్లో చెలమలు తవ్వి నీళ్ళు మోసుకుంటే ట్యాంకరు కూడా ఒక తడవ తగ్గుతుంది. వేరే ఊళ్ళో వేరే మనుషులైతే నన్ను కొట్టేవాళ్ళేమో. మా వాళ్ళకు ఒక్క మాటలో అర్థమైంది. విత్తనం దాచని ఇల్లు ఆ పందిళ్ళలో ఒక్కటీ లేదు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

పెద్దమ్మ మాత్రం లేచి నిలబడి అంది. "విత్తనం దాచినట్ల దాస్తాండావప్పా. మంచి ఇంట్లో పుట్టినావు."

ఆ మాట నెల రోజులు నా చెవిలో తీయగా ఉండింది. ఇప్పుడూ ఉంది, తీయగా కాదు.

రెండు నెలలు అలాగే చేశాం. ఆడవాళ్ళు ఎండలో తిరిగి తుమ్మకాయలు ఏరేవాళ్ళు. మగవాళ్ళు ఇసుకలో నడుము లోతు చెలమలు తవ్వారు. నేను కాటా దగ్గర నిలబడి పిడికెడు గడ్డి ఎక్కువ పడ్డా తీసేసేవాణ్ణి. నన్ను గడ్డి సావుకారని ఎగతాళి చేసేవాళ్ళు, నేను కూడా నవ్వేవాణ్ణి. పశువుల పక్కటెముకలు బయటపడుతున్నాయి. రాత్రిళ్ళు అవి ఖాళీ తొట్లను నాకుతున్న చప్పుడు వినిపించేది. మే దాకా ఓర్చుకుంటే చాలు అనుకుంటూ పడుకునేవాణ్ణి. పందిళ్ళ వెనక గడ్డివామి ఇంటి కప్పు ఎత్తుకు లేచింది. పక్క ఊళ్ళ నుంచి వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. కరువు ఏడాదిలో అంత పెద్ద వామి చూడడమే ఒక ధైర్యం.

మార్చి మూడో వారంలో ముసలి గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు. ఎప్పుడూ వంకరగా మాట్లాడే మనిషి ఆ రోజు మాత్రం మెల్లగా చెప్పాడు. నెలాఖరుకు స్టాకు చూడ్డానికి వస్తారు, ఆ వామి వాళ్ళ కంట పడకూడదు అన్నాడు.

"తినేసినట్ల రాసి, ఎవురి గడ్డి వాళ్ళను ఇండ్లకు మోసుకపొమ్మను. సర్కారు దగ్గర మిగిలిందని చెప్తే పోగొట్టుకున్నట్లేప్పా."

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఇలాంటి వాళ్ళ వల్లే దేశం బంగారం కుదువ పెట్టుకుందనుకున్నాను. దొంగ లెక్క రాయనని ముఖం మీదే చెప్పాను. ఆయన సరే నీ ఇష్టం అని బీడీ ముట్టించుకున్నాడు. ఆ రాత్రి నేను రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: మితవ్యయ సుత్తోలె ప్రకారం పశువుకు మూడున్నర కిలోల చొప్పున మేపి ఇంత గడ్డి ఆదా చేయడమైనది, ఇది మే నెల అవసరానికి నిల్వ ఉంచడమైనది. కింద గీత కూడా గీశాను.

అధికారులు వచ్చారు. వామిని టేపుతో కొలిచారు. ఒకాయన నా భుజం తట్టాడు. పెద్దమ్మ ఆయనకు చెలమ నీళ్ళు చెంబుతో ఇచ్చి, ఇదంతా ఈ పిల్లోడి పుణ్యమేనని నన్ను చూపించింది.

ఏప్రిల్ రెండో వారంలో రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది నా పేరు మీద మెప్పు పత్రం. రెండోది ఉత్తర్వు. నాగలమడిక శిబిరంలో మేత మిగులుతోంది, అంటే అక్కడ అవసరం తగ్గినట్లు కనబడుతోంది. కాబట్టి కొత్త ఏడాదికి ఆ శిబిరానికి డబ్బు లేదు. నిల్వ గడ్డిని కొరత ఉన్న వేరే శిబిరానికి తరలించి, నెలాఖరులోగా దీన్ని మూసేయాలి. కింద ఇంకొక వాక్యం ఉంది: మూడున్నర కిలోలతో పశువులు బతుకుతాయని తేలినందున మిగతా శిబిరాల్లోనూ ఇకపై అంతే వేయాలి. మా పశువులతో ఆగలేదు నా పొదుపు. నేను కళ్ళతో చూడని పశువుల తొట్టిలోంచి కూడా కిలోన్నర తీసేశాను.

బస్సెక్కి తాసిల్దారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెడ్డవాడు కాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అది మే నెల కోసం దాచింది సార్, మిగిలింది కాదు, అని చెప్పాను. ఆయన తన బల్ల మీది కాగితాలు నా వైపు తిప్పాడు. పైనుంచి ప్రతి తాలూకాకూ ఇంత తగ్గించాలని వచ్చింది, ఎక్కడ తగ్గించాలో తెలియక అందరూ తల పట్టుకున్నారు, అప్పుడు నీ రిజిస్టరు దొరికింది అన్నాడు. దాచింది, మిగిలింది అనే రెండు గళ్ళు ఈ ఫారంలో వేరువేరుగా లేవు, ఒకటే గడి ఉంది అని కూడా అన్నాడు. ఆ మాట కన్నడంలో, మెల్లగా, బాధగానే చెప్పాడు.

ముందే చెప్పేస్తాను. ఆ మెప్పు పత్రం వల్లే రెండేళ్ళ తర్వాత నాకు ఖాయం ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళు చేశాను. ఖర్చులు తగ్గించమని సుత్తోలెలు ఎన్నో వచ్చాయి, అన్నీ సక్రమంగా ఫైలు చేశాను. ఒక్క మార్చిలోనూ నా గడిలో మిగులు చూపలేదు. అక్కర్లేని కుర్చీలు కొన్నాను, బాగున్న గోడలకు సున్నం కొట్టించాను. సర్కారు ఎందుకు అప్పుల పాలవుతుందో పేపర్లో ఎవరైనా రాస్తే చదివి పక్కన పెట్టేవాణ్ణి. అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

శిబిరం మూసేసేది ఒక సోమవారం. ముందు గడ్డి లారీలొచ్చాయి. ఆ వామిని కూలీలు ఎత్తలేదు. వేసిన రైతులే ఎత్తి లారీల్లో నింపారు, ఎందుకంటే ఎత్తినందుకు ఆ రోజు కూలి ఇచ్చారు. నేను కాటా దగ్గర నిలబడి తూకం రాసుకున్నాను. నన్ను ఎవరైనా తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఒక ముసలాయన లారీ అడుగున రాలిన గడ్డిని తువ్వాలులో ఊడ్చుకుని, ఇది రాసుకోవద్దులేప్పా అన్నాడు. నేను రాసుకోలేదు. నా ఉద్యోగంలో అదే మొదటి దొంగ లెక్క.

రోడ్డు మీద దళారులు అప్పటికే లారీలు ఆపుకుని ఉన్నారు. వాళ్ళకు సుత్తోలెలు మాకంటే ముందే అందుతాయి. మండే ఏప్రిల్‌లో, ఇంట్లో గడ్డిపోచ లేకుండా, పక్కటెముకలు తేలిన పశువులను వెనక్కి తోలుకుపోయి ఏం చేస్తారు? మధ్యాహ్నానికల్లా సగం పందిళ్ళు ఖాళీ అయ్యాయి. పెద్దమ్మ ఎద్దులకు తొట్టి దగ్గర చివరిసారి నీళ్ళు పెట్టి తెచ్చింది. ఒకటి అమ్మి ఒకటి ఉంచుకోమని ఎవరో చెప్పారు. జతను విడగొడితే రెండోది బెంగతో చస్తుందని ఆమె ఒప్పుకోలేదు. రెంటినీ ఒకే లారీకి ఎక్కించింది. మెడలో గంటలు విప్పుకుని కొంగులో కట్టుకుంది. ఎక్కడికి తీసుకుపోతున్నారని దళారిని అడగలేదు, మాలో ఎవరమూ అడగలేదు.

నేను ఆమె ముందు నిలబడ్డాను. ఐదు కిలోలూ వేసి ఉంటే వామి ఉండేది కాదు, వామి లేకపోతే శిబిరం నడిచేదేమో అన్నాను. ఆమె నా మాట పూర్తిగా విన్నది.

"నువ్వు చేసింది తప్పెట్లయితాదప్పా? దాచుకోవడం తప్పయితే మనం బతికిందంతా తప్పే కదా" అంది.

నేను ఇంటికొచ్చి మూడు రోజులు చాప మీద నుంచి లేవలేదు. అవ్వకు అంతా చెప్పాను. ఆమె ఆకు నములుతూ వింది, ఓదార్చలేదు. ఆ పెద్దమ్మ చేను ఎక్కడుంది, ఎన్ని ఎకరాలు అని మాత్రం అడిగింది.

జూన్ చివర్లో ఒక తెల్లవారుజామున గట్టి వాన పడింది. మూడేళ్ళలో అలాంటి పదును చూడలేదు. ఊరంతా ఎద్దులు కడుగుతోంది. మా ఎద్దులు బతికాయి, మాకు బావి గట్టున కాస్త పచ్చిక ఉండడం వల్ల. నాన్న నాగలి భుజానికెత్తుకున్నాడు. అవ్వ విత్తనపు గది తలుపు దగ్గర కూర్చుని, తాళంచెవి తీయకుండా నన్ను పిలిచింది.

"ఎద్దుల్ని ముందు ఆయమ్మ చేలోకి తోలుకపో. అది అయినంక మనది."

మూడెకరాలు విత్తేసరికి మూడు రోజులు పోతాయి, మన చేను ఆరిపోతుందని నాన్న అన్నాడు. ఏనాడూ ఆయన మాటకు అడ్డు చెప్పే పద్ధతి కాదు, లెక్క అడిగే పద్ధతి ఆమెది. ఆ రోజు లెక్క అడగలేదు. పంట సగమే వస్తే ఎలా అని కూడా అడగలేదు. ఇది వాడి అప్పు, దీనికి నా దగ్గర హద్దు లేదు అని మాత్రం అంది.

నేను ఎద్దుల్ని తోలుకుని రాయచెర్లు దారి పట్టాను. వెళ్ళేసరికి పెద్దమ్మ తన గుడిసె ముందు ఒక మూట పెట్టుకుని కూర్చుని ఉంది. విత్తనం. శిబిరానికి రాకముందే మట్టిలో గూన పాతి, అందులో దాచి, ఆ కరువంతా ఒక్క కాయ తినకుండా ఉంచిన విత్తనం. ఎద్దులు లేవు కాబట్టి దాన్ని ఎవరికైనా అమ్ముదామని ఆ పొద్దున్నే పైకి తీసి ఒలిచిందట. నన్ను, వెనక ఎద్దుల్ని చూసి లేచి, గుడిసెలోకి వెళ్ళి, ఆ గంటలు తెచ్చి మా ఎద్దుల మెడలకు కట్టింది.

మూడు రోజులు దున్నాం. నేను నాగలి పట్టుకుంటే ఆమె చాలు వెంట గింజలు వదులుతూ వచ్చింది. ఆ మూడు రోజుల్లో మా చేను సగం ఆరిపోయింది, ఆ ఏడు మా పంట అంతంత మాత్రమే. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

మూడో రోజు సాయంత్రం చివరి చాలులో ఆమె ఒడిలో ఇంకా రెండు దోసిళ్ళ గింజలు మిగిలాయి. చాలుకు ఇంకా చోటుంది. ఆమె ఆగి, ఆ గింజల్ని కొంగులో వేసి ముడి కట్టసాగింది. నా గొంతు ఎందుకంత గట్టిగా వచ్చిందో తెలియదు. అన్నీ వేసెయ్ పెద్దమ్మా, ఏమీ మిగల్చొద్దు అన్నాను.

ఆమె నా వైపు చిత్రంగా చూసింది.

"అట్లంటే ఎట్లప్పా? మళ్ళా వాన మోసం చేస్తే ఏం విత్తుకోవాల?"

ముడి బిగించి నడుముకు దోపుకుంది. నేను ముఖం తిప్పుకుని ఎద్దుల్ని మళ్ళించాను.